ఊరేగింపు సరే, గ్రామసభకు ఎవరు వెళ్తున్నారు?

తెలుగు బడికి ఆపద వచ్చిందంటే మనకు బాగా చేతనైన పని ఒకటుంది. బ్యానరు రాయిస్తాం. పిల్లలనూ తల్లులనూ వెంటబెట్టుకుని కలెక్టరాఫీసు ముందు కూర్చుంటాం. వినతిపత్రం ఇస్తాం, ఫోటో దిగుతాం, మరునాడు పేపర్లో వస్తే కత్తిరించి దాచుకుంటాం. హోసూరులోనైనా, తిరుత్తణిలోనైనా, బాగేపల్లిలోనైనా, బరంపురంలోనైనా ఇంచుమించు ఇదే తీరు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే అలా కూర్చున్నవాళ్లలో తమ బడి కమిటీ కిందటి సమావేశానికి వెళ్లినవారెందరు, తమ గ్రామసభలో తెలుగు టీచరు పోస్టు గురించి ఒక్క తీర్మానమైనా పెట్టించినవారెందరు అని అడిగితే లేచే చేతులు తక్కువ. సరిహద్దు జిల్లాల తెలుగు మీడియం తరగతులతో ఏళ్లుగా ముడిపడి ఉన్న తల్లిదండ్రులం, ఉపాధ్యాయులం మేము. తెలుగు తరగతి ఉండాలా పోవాలా అన్నది చాలావరకు తేలేది జనం పట్టించుకోని చిన్న సమావేశాల్లోనే అని మా అనుభవం చెబుతోంది.

రాజ్యాంగంలోని 350ఎ అధికరణాన్ని మన సభల్లో తరచు చదువుతారు. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పేందుకు తగిన వసతులు కల్పించడానికి ప్రయత్నించాలని అందులో ఉంది. ఎవరు ప్రయత్నించాలన్న దగ్గర మాత్రం మన చూపు జారిపోతుంది. ప్రతి రాష్ట్రమూ, ఆ రాష్ట్రంలోని ప్రతి స్థానిక సంస్థా అని ఉందక్కడ. ఈ అధికరణం 1956లో ఏడో సవరణతో చేరింది. పంచాయతీలకు, మునిసిపాలిటీలకు రాజ్యాంగ హోదా వచ్చింది 73, 74 సవరణలతో, 1993లో. అంటే ఆ హోదా దక్కడానికి ముప్పై ఏడేళ్ల ముందే ఈ బాధ్యతను వాటి పేరు మీద రాసిపెట్టారు. మనమేమో ముఖ్యమంత్రికి రాస్తాం, రాష్ట్రపతికి రాస్తాం. హైదరాబాదు, అమరావతి వెళ్లి అక్కడి మంత్రులకు శాలువా కప్పి మా బడిని కాపాడండి అంటాం. మన వార్డు కౌన్సిలరును మాత్రం అడగం.

తెలుగు తరగతి ఎలా మాయమవుతుందో దగ్గర నుంచి చూసినవాళ్లకు తెలుసు. మూసేస్తున్నామని ఎవరూ ఉత్తర్వు ఇవ్వరు. ఒకటో తరగతిలో చేరే పిల్లలు పదిహేను మంది ఉండేవారు, తొమ్మిదికి వస్తారు, తర్వాత అయిదుకు. ఈలోగా టీచరు రిటైరవుతారు, ఖాళీ నింపరు. టీచరు లేరు కదా అని తల్లిదండ్రులు మరుసటి ఏడు పిల్లలను ఇంకో మీడియంలో చేరుస్తారు. పిల్లలు లేరు కదా అని శాఖవారు పోస్టు మిగులు కింద తేల్చి వేరే బడికి పంపేస్తారు. తమిళనాడులో ఏ బడికి ఎందరు టీచర్లన్నది ఆగస్టు 1 నాటి పిల్లల సంఖ్యను బట్టి నిర్ణయిస్తారు. మన ధర్నాలు ఎప్పుడు మొదలవుతాయి? బడి తెరిచి, పుస్తకాలు రాలేదని, టీచరు రారని తేలి, నలుగురూ కూడబలుక్కుని, దసరా సెలవులు దగ్గరపడ్డాక. అప్పటికి లెక్క ముగిసి రెండు నెలలు కావస్తుంటుంది. ఆ ఏడాదికి ఇక చేసేదేమీ ఉండదు. అధికారి మాత్రం మర్యాదగా వినతిపత్రం తీసుకుంటారు.

నిజానికి మన చేతిలో పాత ఒప్పందాలు కొన్ని ఉన్నాయి. ఒక బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఉంటే వారి మాతృభాషలో చెప్పే టీచరు కనీసం ఒకరు ఉండాలని 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రులు ఒప్పుకున్నారు. భాషా మైనారిటీ పిల్లల పేర్లను ముందుగానే నమోదు చేసుకునే పట్టీలు బడుల్లో ఉంచాలని 1961 ముఖ్యమంత్రుల సమావేశం అంగీకరించింది. ఎందుకీ పట్టీ? పిల్లలు లేరు అన్న మాట రాకుండా. వేసవిలోనే ఇరవై పేర్లు ఆ పట్టీలో ఉంటే జూన్‌లో టీచరు లేకపోవడానికి శాఖ జవాబు చెప్పాలి. పేర్లే లేనప్పుడు జవాబు చెప్పవలసింది మనం. ఆ పట్టీ ఎక్కడుందని మీ బడిలో అడిగి చూడండి. చాలాచోట్ల అలాంటిదొకటి ఉండాలని హెడ్మాస్టరుకే తెలియదు. ఇంతవరకు అడిగినవారు లేరు కాబట్టి తెలియదు.

ఇక బడి కమిటీ సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం ప్రభుత్వ బడికి యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. బడి నడక చూడడం, వచ్చిన నిధుల ఖర్చు చూడడం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం వీరి పని. కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం ఆ ప్రణాళిక ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందు, అంటే డిసెంబరు ఆఖరుకు, సిద్ధం కావాలి. అందులో తరగతివారీగా ఎందరు పిల్లలు వస్తారన్న అంచనా ఉండాలి. అదనంగా ఎందరు టీచర్లు కావాలో కూడా ఉండాలి. తెలుగు టీచరు ఒకరు కావాలి అన్న వాక్యం చేరవలసిన అసలు కాగితం ఇదే. మన వినతిపత్రాల్లో ఆ వాక్యం వంద చోట్ల ఉంటుంది, ఈ కాగితంలో ఉండదు. ఎందుకంటే ప్రణాళిక రాసే రోజున తెలుగు తల్లులు ఎవరూ ఆ గదిలో లేరు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి చెప్పాలి. తెలుగు మీడియం ఉన్న ప్రభుత్వ బడి వేరు, తెలుగువారు స్థాపించి నడిపే మైనారిటీ బడి వేరు. రెండోదానికి రాజ్యాంగం 30వ అధికరణం రక్షణ ఉంది. 2012 సవరణ తర్వాత అక్కడి కమిటీ సలహాలకే పరిమితం. ఎయిడెడ్ బడుల్లోనూ అంతే. ప్రభుత్వ, పంచాయతీ, మునిసిపల్ బడుల్లో మాత్రం కమిటీకి చట్టం ఇచ్చిన పని పూర్తిగా ఉంది. మనది మైనారిటీ బడి కదా, కమిటీ మాటకు విలువేముంది అని కొందరు ప్రభుత్వ బడి తల్లిదండ్రులు వెనక్కి తగ్గడం చూశాం. వారి బడి ఆ లెక్కలోకి రాదు.

అలాగని ఉద్యమాలను తీసిపారేయలేం. తెలుగువారికి ఉద్యమం రక్తంలో ఉన్న విద్య. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15న ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మనం ఎక్కువగా తలుచుకోని సంగతి ఏమిటంటే, ఆ గీత అవతల మిగిలిన తెలుగువారు సొంత ఇంట్లో ఉండగానే మైనారిటీ అయ్యారు. రాష్ట్రం సాధించడానికి పనికొచ్చిన దారి, ఇంకొకరి రాష్ట్రంలో తరగతి గది నిలబెట్టుకోవడానికి కూడా అదే తీరున పనికొస్తుందనుకోవడం మనకు అలవాటైపోయింది.

పనికొచ్చిన సందర్భాలు లేకపోలేదు. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళం నేర్చుకోవడాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి పైకి వస్తూ 2016 నాటికి అది పదో తరగతి పరీక్షకు చేరింది. అంతవరకు తమిళం సరిగా చెప్పేవారు లేక, తెలుగులోనే చదివిన పిల్లలు ఒక్కసారిగా తమిళ పేపరు రాయవలసిన పరిస్థితి. అప్పుడు రోడ్డెక్కకపోతే, కోర్టుకు వెళ్లకపోతే ఆ పిల్లలు నష్టపోయేవారు. మద్రాసు హైకోర్టు మినహాయింపు ఇచ్చింది. 2023లో సుప్రీంకోర్టు కూడా ఆ ఏటి పరీక్షకు మినహాయింపు పొడిగించింది. చట్టమే అడ్డం వచ్చినప్పుడు పంచాయతీలో కూర్చుంటే ఏమొస్తుంది? కాని ఆ గెలుపు దేనికి అనుమతి ఇచ్చిందో చూడండి: తెలుగు పరీక్ష రాయడానికి. ఆ పరీక్ష దాకా తెలుగు చెప్పే మనిషిని అది తెచ్చిపెట్టదు. ఏటేటా మినహాయింపు కోసం పరుగెత్తే హడావుడిలో కింద ఒకటో తరగతి ఖాళీ అవుతున్న సంగతి ఎందరం గమనించాం?

వీధి పోరాటంలో మనకు ఇంకో ఇబ్బంది ఉంది. అది తలకాయల లెక్క. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షల పైన, కర్ణాటకలో 35 లక్షల పైన. వినడానికి పెద్ద సంఖ్యలే. రెండు చోట్లా నూటికి ఆరుగురి కంటే తక్కువ. రాష్ట్రస్థాయిలో భాష పేరుతో జనాన్ని కూడగట్టే పోటీలో ఇది నెగ్గే సంఖ్య కాదు. 1982లో కర్ణాటకలో గోకాక్ ఉద్యమం ఎలా సాగిందో ఆ తరంవారికి గుర్తుంటుంది. రాజ్‌కుమార్ ముందు నడిస్తే రాష్ట్రమంతా కదిలింది. వారి భాషను వారు ప్రేమించుకోవడంలో అన్యాయం లేదు. భాష పేరుతో మనం వీధికెక్కితే అవతల వీధి అంతకు పదిహేను రెట్లు నిండుతుందని మాత్రమే మేం గుర్తుచేస్తున్నాం. అదే పంచాయతీ స్థాయికి దిగితే లెక్క తిరగబడుతుంది. హోసూరు, వేప్పనపల్లి చుట్టుపక్కల, ముళబాగిలు, పావగడ వైపు తెలుగు మాట్లాడేవారే ఎక్కువగా ఉన్న పల్లెలు ఎన్నో. అక్కడ మనం మైనారిటీ కాదు, ఓటర్లం.

తమిళనాడులో ఏడాదికి నాలుగు గ్రామసభలు ఉండేవి: జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2. 2022 నుంచి మార్చి 22, నవంబరు 1 కూడా చేర్చి ఆరు చేశారు. సభ చెల్లాలంటే ఊరి జనాభా 500 లోపైతే 50 మంది, 3,000 లోపైతే వంద మంది, 10,000 లోపైతే 200 మంది, ఆపైన 300 మంది రావాలి. రెండున్నర వేల జనాభా ఉన్న ఊళ్లో వంద మందికి సభ నడుస్తుంది. అందులో నలభై మంది తెలుగు మీడియం పిల్లల తల్లిదండ్రులైతే తీర్మానం ఎటు పోతుందో ఊహించడం కష్టం కాదు.

గ్రామసభ తీర్మానంతో మరునాడే టీచరు దిగుతారని మేం చెప్పడం లేదు. నియామకం రాష్ట్ర ప్రభుత్వం పని. పంచాయతీకి ఆ అధికారం లేదు. అయినా తీర్మానానికి నంబరుంటుంది, తేదీ ఉంటుంది, రిజిస్టరులో ఉంటుంది. దాని మీద ఏం చర్య తీసుకున్నారని సమాచార హక్కు కింద అడగొచ్చు. రేపు కోర్టుకు వెళ్లవలసి వస్తే వరుసగా మూడేళ్లు గ్రామసభ అడిగింది, శాఖ పలకలేదు అని చూపించొచ్చు. భాషా మైనారిటీల కమిషనరుకు పంపే ఫిర్యాదుకు జతచేయొచ్చు. ధర్నాకు సాక్ష్యం మన దగ్గర మిగిలిన ఫోటో ఒక్కటే.

ఇప్పుడు కొంతమందికి నచ్చని మాట. గ్రామసభలో ఈ సంగతి తమిళంలో మాట్లాడాలి. కర్ణాటకలో కన్నడంలో, ఒడిశాలో ఒడియాలో. తెలుగు కోసం అడుగుతూ తమిళంలో మాట్లాడడమేమిటని మన పెద్దలు కొందరు చిన్నబుచ్చుకుంటారు. తెలుగులో మాట్లాడితే సభలో సగం మందికి అది తెలుగువాళ్ల గొడవ. తమిళంలో మాట్లాడితే అదే మన ఊరి బడి గొడవ. చాలా బడుల్లో రెండు మీడియాలూ ఒకే ప్రహరీలో నడుస్తాయి. నీళ్ల ట్యాంకు ఒకటే, మరుగుదొడ్లు ఒకటే, వంటగది ఒకటే. తెలుగు వైపు పిల్లలు తగ్గి బడి చిన్నదైతే తమిళ మీడియం పిల్లలకూ నష్టమే. బడి మొత్తం పిల్లల సంఖ్య పడిపోతుంది కదా. పక్కింటి తమిళ తల్లి మన తీర్మానానికి చెయ్యెత్తాలంటే ముందు ఆమె అడిగిన మరుగుదొడ్డి తీర్మానానికి మనం చెయ్యెత్తి ఉండాలి. తెలుగు పని పడిన రోజు మాత్రమే సభకు వచ్చేవారిని ఊరు గుర్తుపడుతుంది, అంత తేలికగా నమ్మదు.

కమిటీల గుట్టు మాకు తెలియనిది కాదు. చాలాచోట్ల ఎవరికీ ఇబ్బంది కలిగించని పేర్లే సభ్యులవుతాయి. సమావేశం జరిగినట్టు పుస్తకంలో ఉంటుంది, సంతకాలు మాత్రం ఇంటింటికీ తిరిగి చేయించినవి. ఆడవాళ్ల పేరు ఉంటుంది, మాట్లాడేది వాళ్లాయన. ఇవన్నీ నిజాలే. ఈ నిజాలే చూపించి కమిటీలు దండగ, రోడ్డే గతి అనేవారున్నారు. ఖాళీ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటారు గదా, ఆ ఎవరో మనం ఎందుకు కాకూడదన్నదే మా ప్రశ్న. నెలకో రెండు నెలలకో ఒక సాయంత్రం కూలి మానుకుని రావాలంటే తల్లికి కష్టమే. అందుకని సాయంత్రం ఆరు తర్వాత సమావేశం పెట్టమని అడగడం నుంచే పని మొదలుపెట్టాలి.

ఇతర చోట్ల ఈ తలుపులు వేరే పేర్లతో ఉన్నాయి. కర్ణాటకలో ఏడాదికోసారి మక్కళ గ్రామసభ జరపాలన్న ఆదేశం ఉంది. పిల్లలే లేచి తమ బడి కష్టాలు పంచాయతీ ముందు చెబుతారు. మా తరగతికి తెలుగు టీచరు లేరని ఏడో తరగతి పిల్ల కన్నడంలో చెబితే ఏ అధ్యక్షుడైనా వినక తప్పదు. ఒడిశాలో పల్లీసభ ఫిబ్రవరిలో కూర్చుంటుంది. ముంబయిలోనైతే తెలుగు మీడియం బడులు నడిపేదే నగరపాలక సంస్థ. అక్కడ కార్పొరేటరు మాట తప్ప ఇంకో మాట పనిచేయదు.

అయితే తలుపే లేనిచోట ఏం చేయాలి? యానాంను చూడండి. ఫ్రెంచివారి కాలంలో 1880 నుంచే కమ్యూన్‌గా ఎన్నికైన సభ ఉన్న ఊరు. భారతదేశంలో కలిశాక పుదుచ్చేరి ప్రాంతంలో స్థానిక ఎన్నికలు జరిగింది 1968లో ఒకసారి, మళ్లీ 38 ఏళ్లకు 2006లో ఒకసారి. ఆ సభల గడువు 2011లో తీరింది. 2021లో తేదీలు ప్రకటించి కూడా ఆపేశారు. యానాంలో తెలుగువారు మైనారిటీ కారు, ఊరంతా తెలుగే. కాని బడిలో ఏ లోటున్నా చెప్పుకోవడానికి వార్డు సభ్యుడు లేడు. ఉన్నది ఒక్క శాసనసభ్యుడు, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన పుదుచ్చేరి. అక్కడి తల్లిదండ్రులను గ్రామసభకు వెళ్లండి అనడం వెక్కిరింపే అవుతుంది. వాళ్లు రోడ్డెక్కవలసిందే.

యానాం ఒక్కటే అయితే వేరు సంగతి. కృష్ణగిరి సహా తమిళనాడులోని 27 జిల్లాల గ్రామీణ స్థానిక సంస్థల గడువు 2025 జనవరి 5తో ముగిసి ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లాయి. కర్ణాటకలో తాలూకా, జిల్లా పంచాయతీల గడువు 2021లోనే తీరి ఏళ్ల తరబడి ఎన్నికలు లేకుండా గడిచింది. ముంబయి నగరపాలక సంస్థ 2022 మార్చి నుంచి ఏళ్లపాటు అధికారి పాలనలోనే నడిచింది. తెలుగు బడి కోసం మనం చేసిన ధర్నాలెన్నో. ఈ ఎన్నికలు సకాలంలో జరపండని మన సంఘాలు ఒక్క కరపత్రం వేశాయా? ఊరేగింపు చేయదలిస్తే చేయవలసింది ఇందుకోసం. ఈ ఊరేగింపులో మన పక్కన తమిళులూ కన్నడిగులూ మరాఠీలూ నడుస్తారు, ఎందుకంటే వార్డు సభ్యుడు లేక వాళ్ల బడీ దిక్కులేకుండానే ఉంది. ప్రత్యేకాధికారి ఉన్నా గ్రామసభ జరపాలి కాబట్టి, ఈలోగా ఆ తేదీలను వదులుకోకూడదు.

హోసూరు 2019లో కార్పొరేషన్ అయ్యింది. పట్టణాల్లో ఉండే మనవాళ్లకు గ్రామసభ లేదు గాని, తమిళనాడులో 2022 నుంచి వార్డు కమిటీలు, ఏరియా సభలు వచ్చాయి. వాటికి హాజరయ్యేవారు ఇంకా పలుచగానే ఉన్నారు. ముందుగా వెళ్లి కూర్చున్నవారికి చోటు దొరుకుతుంది.

ఈ డిసెంబరులో బడి ప్రణాళిక రాసే రోజు ఎప్పుడో ఇప్పుడే హెడ్మాస్టరుగారిని అడిగి తెలుసుకోవాలి. తెలుగు టీచరు ఒకరు, తెలుగు పుస్తకాలు ఇన్ని అన్న పంక్తి అందులో పడ్డాకే తల్లులు సంతకం చేయాలి. జనవరి 26 గ్రామసభకు తీర్మానం ముందుగానే తమిళంలో రాసి రెండు ప్రతులు తీసుకెళ్లాలి. ఒక ప్రతి మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోవాలి. మార్చిలో ముందస్తు నమోదు పట్టీ తెరిపించి, ఏప్రిల్, మే నెలల్లో అయిదేళ్లు నిండిన పిల్లలున్న ప్రతి తెలుగు గడపా ఎక్కాలి. మా వీధిలో అలాంటి ఇళ్లు పదకొండు ఉన్నాయి. మీ వీధిలో ఎన్ని?